రెండోసారి బేరియాట్రిక్ ఆపరేషన్: మన ఆరోగ్య బీమా ఎక్కడ ఆదుకుంటుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది

బరువు తగ్గించే బేరియాట్రిక్ ఆపరేషన్లలో ఒకటైన స్లీవ్ (పొట్టను కత్తిరించి సన్నం చేసేది) చేయించుకుని నలభై కిలోలు తగ్గి, నాలుగైదేళ్ళకు అందులో సగం మళ్ళీ పెరిగినవాళ్ళకు ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర వినబడే మొదటి మాట ఒకటే: "ఫస్ట్ టైమ్‌కే కష్టమండీ, రివిజన్‌కి అసలు ఇవ్వరు." రివిజన్ అంటే మొదటిదాన్ని సరిచేసే రెండో ఆపరేషన్. చాలామంది డెస్క్ మాటకే వెనక్కి తిరిగి, బంగారం తాకట్టు పెట్టో పర్సనల్ లోన్ తీసుకునో డబ్బు కట్టేస్తారు. కొందరు ఆపరేషనే మానుకుని రోజూ రాత్రి గొంతుదాకా తన్నుకొచ్చే పుల్లటి నీళ్ళతో బతుకుతుంటారు. డెస్క్ దగ్గర చెప్పిన ఆ మాట నిజం కాదు. పాలసీ కాగితం తెరిచి చూడనివాళ్ళు చెప్పే మాట అది.

ఈ సమీక్ష మన దేశంలో అమ్ముడయ్యే ఆరోగ్య పాలసీల గురించి. సొంతంగా కొనుక్కున్నవీ, కంపెనీలు ఉద్యోగులకు ఇచ్చే గ్రూపు పాలసీలూ రెండూ ఇందులోకి వస్తాయి. తీర్పు ముందే చెప్పేస్తాం. పాలసీలో రాసి ఉన్న నియమం జనం అనుకునేదానికంటే మెరుగు. కంపెనీ నేరుగా ఆసుపత్రికే డబ్బు కట్టే క్యాష్‌లెస్ దగ్గర సేవ బలహీనం. ముందు కట్టి తర్వాత రాబట్టుకునే రీఎంబర్స్‌మెంట్ దారి కాస్త నయం. బీమా తగాదాలు తీర్చే అంబుడ్స్‌మన్ వ్యవస్థ బాగుంది, దాన్ని వాడుకోవడమే మనకు అలవాటు కాలేదు. మొత్తం మీద ఐదుకు రెండున్నర మార్కులు.

నియమంలో అసలు ఏముంది

2019 సెప్టెంబరు 27న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ మినహాయింపుల పదజాలాన్ని అన్ని కంపెనీలకూ ఒకేలా ఉండేటట్టు ఖరారు చేసింది. అందులో ఎక్స్‌క్లూజన్ 06 ఒబేసిటీ గురించి. పాలసీ పుస్తకంలో "స్టాండర్డ్ ఎక్స్‌క్లూజన్స్" అనే భాగంలో దొరుకుతుంది. పేరు మినహాయింపే అయినా లోపల తలుపు తెరిచే ఉంది. "కింది షరతులన్నీ తీరని ఊబకాయ శస్త్రచికిత్స ఖర్చు ఇవ్వం" అని దాని సారం. అంటే షరతులు తీరితే ఆ మినహాయింపు మీకు వర్తించదు.

షరతులు ఇవి. ఆపరేషన్ డాక్టరు సలహా మీద జరగాలి. వైద్య ప్రోటోకాల్ దానికి ఆధారంగా ఉండాలి. రోగికి 18 ఏళ్ళు నిండాలి. బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) 40 లేదా ఆపైన ఉండాలి. అంత లేకపోతే 35 లేదా ఆపైన ఉండి, దానితోపాటు నాలుగు జబ్బుల్లో ఒకటి తీవ్రంగా ఉండి, ఆపరేషన్ కంటే తక్కువ స్థాయి పద్ధతులు ఫలించక పోయి ఉండాలి. ఆ నాలుగు: ఊబకాయం వల్ల వచ్చిన కార్డియోమయోపతి, గుండె రక్తనాళాల జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులో లేని టైప్ 2 మధుమేహం.

ఈ వాక్యాల్లో "మొదటిసారి" అని గానీ "జీవితంలో ఒక్కసారే" అని గానీ ఎక్కడా లేదు. రివిజన్ అనే పేరు మీదే ఎవరైనా తిరస్కరిస్తే మీరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఏ క్లాజు, ఏ పేజీ? కొన్ని పాలసీల్లో బేరియాట్రిక్‌కు విడిగా ఒక భాగం ఉంటుంది. దానికి వేరే పరిమితి, వేరే వెయిటింగ్ పీరియడ్ (క్లెయిమ్ పెట్టడానికి ఆగాల్సిన కాలం) ఉండొచ్చు. "మేము ఆమోదించని మొదటి ఆపరేషన్ వల్ల వచ్చిన ఇబ్బందులకు ఇవ్వం" అనే తరహా వాక్యం మీ పాలసీలో ఉందేమో కూడా చూసుకోండి. రెండు పేజీల కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ చూసి ఊరుకుంటే ఇవి కనబడవు. పూర్తి పాలసీ వర్డింగ్ కంపెనీ వెబ్‌సైటులో పీడీఎఫ్‌గా ఉంటుంది. దాన్ని దింపుకుని "ఒబేసిటీ", "బేరియాట్రిక్", "వెయిట్" అనే మూడు మాటలు వెతకండి. పావుగంట పని.

తక్కువ స్థాయి పద్ధతులు ఫలించకపోవడం అనే షరతు 35 నుంచి 40 మధ్య ఉన్నవాళ్ళకే రాసి ఉంది. బీఎంఐ 40 దాటినవాళ్ళను ఆరు నెలల డైట్ రికార్డు లేదని తిప్పి పంపితే క్లాజు చూపించి గట్టిగా అడగొచ్చు.

బీఎంఐ లెక్క, ఎత్తు కొలిచే చోట జరిగే నష్టం

రివిజన్ కేసులు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతాయి. మొదటి ఆపరేషన్‌కు ముందు 130 కిలోలున్న మనిషి 85కు దిగి, మళ్ళీ 95కు వచ్చారనుకుందాం. ఎత్తు 165 సెంటీమీటర్లు. బీఎంఐ 34.9. గీతకు వెంట్రుకవాసి కింద. పాత 130 కిలోల రికార్డు ఎంత పక్కాగా ఉన్నా కంపెనీ ఇవాళ్టి బరువే చూస్తుంది. క్లాజులో పాత బరువుకు చోటు లేదు, అది నియమంలోని అన్యాయం. మొదటి ఆపరేషన్ సగం పనిచేసినందుకు రెండోదానికి అర్హత పోతుంది.

ఎత్తు విషయంలో మాత్రం జాగ్రత్త పడొచ్చు. ఓపీ కౌంటర్‌లో నర్సు "హైట్ ఎంత?" అని అడిగితే మనం ఎప్పుడో కాలేజీ రోజుల్లో కొలిచిన 165 చెప్పేస్తాం. యాభై దాటిన మనిషికి వెన్నెముక కుదించుకుని నిజమైన ఎత్తు 162 ఉండొచ్చు. 92 కిలోల మనిషికి 165తో లెక్కేస్తే బీఎంఐ 33.8, 162తో లెక్కేస్తే 35.06. నోటిమాటగా చెప్పిన మూడు సెంటీమీటర్లు క్లెయిమ్‌ను మింగేస్తాయి. గోడకు బిగించిన స్టేడియోమీటర్ దగ్గర, చెప్పులు విప్పి, మడమలు గోడకు ఆనించి కొలిపించుకోండి. ఆ అంకె ఓపీ చీటీ మీద తేదీ, సంతకంతో పడాలి. తర్వాత క్యాష్‌లెస్‌కు ముందస్తు అనుమతి అడిగే ప్రీ-ఆథ్ ఫారంలో, ఎనస్థీషియా చెకప్ కాగితంలో, డిశ్చార్జ్ సమ్మరీలో అదే ఎత్తు ఉండాలి. ఒక చోట 162, ఇంకో చోట 165 ఉంటే కంపెనీ ఎక్కువ ఎత్తు ఉన్న కాగితాన్నే పట్టుకుంటుంది.

35 గీత దాటడానికి రెండు మూడు కిలోలు పెంచుకోండని సలహా ఇచ్చేవాళ్ళు ఉన్నారు. దయచేసి వినకండి. రివిజన్‌లో పొట్ట లోపల పాత ఆపరేషన్ అతుకులు ఉంటాయి. కాలేయం దాని మీదే అంటుకుని ఉంటుంది. బరువు పెరిగితే కొవ్వు చేరి కాలేయం ఉబ్బుతుంది, సర్జన్‌కు చోటు చిక్కదు. అందుకే ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు లో-కేలరీ ద్రవాహారం పెడతారు. ఆ ద్రవాహారం మొదలుపెట్టక ముందే బరువు నమోదు చేయించుకోవడం మాత్రం సబబైన జాగ్రత్త. నాలుగు కిలోలు తగ్గాక అడ్మిషన్ రోజున తూచిన అంకె ఒక్కటే కాగితం మీద ఉంటే, దాన్నిబట్టే క్లెయిమ్ కొట్టేస్తారు.

ఇంకో చిక్కు ఉంది. అంతర్జాతీయ సంఘం ఐఎఫ్‌ఎస్‌ఓ, అమెరికా సంఘం ఏఎస్‌ఎంబీఎస్ కలిసి 2022లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బీఎంఐ 35 ఉంటే వేరే జబ్బులు లేకపోయినా ఆపరేషన్ సిఫారసు చేయొచ్చు. ఆసియా ప్రజలకు 27.5 నుంచే ఆ మాట చెప్పొచ్చు. మన సర్జన్లు ఈ అంకెలతో మాట్లాడతారు. బీమా నియమం మాత్రం 1991లో అమెరికాలో ఖరారైన 40, 35 దగ్గరే ఉంది. కాబట్టి "మీరు ఎలిజిబుల్" అని డాక్టరు అన్నప్పుడు అది వైద్యపరమైన అర్హత. బీమా అర్హత వేరు. అడ్వాన్సు కట్టక ముందే ఈ రెండూ విడివిడిగా అడిగి తెలుసుకోండి.

నాలుగు జబ్బులకు ఏ కాగితం నిలబడుతుంది

స్లీప్ ఆప్నియాకు "గురక ఎక్కువ" అని రాస్తే చాలదు. రాత్రంతా చేసే పాలీసోమ్నోగ్రఫీ రిపోర్టులో ఏహెచ్‌ఐ అనే అంకె ఉంటుంది. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా బాగా తగ్గింది అనే లెక్క అది. 30 లేదా ఆపైన ఉంటే తీవ్రం. 22 వస్తే మధ్యస్థం, క్లాజుకు సరిపోదు. మధుమేహానికి "అదుపులో లేదు" అంటే ఏ అంకె అని క్లాజు చెప్పలేదు. అందుకే మూడు నెలల సగటు సుగర్ చూపే హెచ్‌బీఏ1సీ రిపోర్టు ఒక్కదాని మీదే ఆధారపడకండి. మూడేసి నెలల ఎడంతో రెండు మూడు రిపోర్టులు, ఆ కాలంలో వాడిన మందుల చీటీలు, మోతాదు పెంచిన తేదీలు జతచేయండి. మందులు వాడుతూ కూడా అంకె దిగలేదని కనబడాలి. మందులు మానేసినందుకు పెరిగిన సుగర్‌ను ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

బీపీ, మోకాళ్ళ అరుగుదల, పీసీఓఎస్, ఫ్యాటీ లివర్, సంతానలేమి ఈ జాబితాలో లేవు. వీటి బాధ ఎంత ఉన్నా ఇవి మాత్రమే చూపించి 36 బీఎంఐతో క్లెయిమ్ పెడితే తిరస్కరణ దాదాపు ఖాయం.

రెండో తలుపు: సమస్య పేరు మార్చడం వేరు, సమస్య కనిపెట్టడం వేరు

రివిజన్ ఆపరేషన్లన్నీ బరువు కోసమే జరగవు. ఇది అర్థమైతే సగం దారి తెరుచుకున్నట్టే. స్లీవ్‌లో పొట్టను నిలువుగా కత్తిరించి అరటికాయంత సన్నటి గొట్టంగా మారుస్తారు. గొట్టం లోపల ఒత్తిడి పెరుగుతుంది, అన్నవాహిక కలిసే చోట ఉండే సహజమైన వంపు చెదురుతుంది. దాంతో కొందరికి ఆమ్లం పైకి తన్నడం (రిఫ్లక్స్) మొదలవుతుంది, అన్నవాహిక పుండవుతుంది. గొట్టం మధ్యలో బిగుసుకుపోయి తిన్నది దిగక వాంతులయ్యేవాళ్ళు ఉన్నారు. బైపాస్ (పొట్టను చిన్నది చేసి నేరుగా పేగుకు కలిపే ఆపరేషన్) చేయించుకున్నవాళ్ళలో అతుకు దగ్గర అల్సర్ రావచ్చు. పొట్ట చుట్టూ బిగించిన పాత బ్యాండ్ జారిపోవచ్చు, పొట్ట గోడలోకి దిగిపోవచ్చు. మినీ బైపాస్ తర్వాత ప్రొటీన్ నిలవక కాళ్ళు వాచి, ఆల్బుమిన్ పడిపోయేవాళ్ళు ఉంటారు.

ఇవన్నీ స్వతంత్రమైన జబ్బులు. వీటికి చేసే ఆపరేషన్ ఊబకాయ చికిత్స కిందికి రాదు. బీఎంఐ 31 ఉన్నా, మందులకు లొంగని రిఫ్లక్స్‌కు స్లీవ్‌ను రూ-ఎన్-వై బైపాస్‌గా మార్చడం వైద్యంలో స్థిరపడిన చికిత్స. జబ్బులకు అంతర్జాతీయంగా వాడే ఐసీడీ-10 కోడ్‌లలో ఊబకాయం ఈ66. రిఫ్లక్స్ కే21. బైపాస్ అతుకు దగ్గర అల్సర్ కే28. ఆపరేషన్ అనంతరం జీర్ణవ్యవస్థలో వచ్చే ఇబ్బందులు కే91. ఫారం మీద మొదటి డయాగ్నోసిస్‌గా ఏ కోడ్ పడిందో దాన్నిబట్టి టీపీఏలో (బీమా కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థలో) ఫైలు ఏ కంటితో చూస్తారో తేలిపోతుంది.

ఇక్కడ ఒక గీత గీయాలి. రిఫ్లక్స్ లేకుండా రిఫ్లక్స్ అని రాయించడం మోసం. దొరికితే క్లెయిమ్ మాత్రమే కాదు, పాలసీ కూడా పోతుంది. మా సలహా వేరు: బరువు పెరిగిందని సర్జన్ దగ్గరికి వెళ్ళినవాళ్ళు లోపల ఏం జరిగిందో పూర్తిగా పరీక్ష చేయించుకోకుండా ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దు. ఎండోస్కోపీలో అన్నవాహిక వాపు గ్రేడ్ ఎంతో రాయించండి. లాస్ ఏంజెలస్ గ్రేడింగ్‌లో ఏ నుంచి డీ వరకు ఉంటాయి, సీ, డీ అయితే వాదన బలంగా ఉంటుంది. హయేటస్ హెర్నియా (పొట్ట పై భాగం ఛాతీలోకి జారడం) ఉందా, ఉంటే ఎన్ని సెంటీమీటర్లో రాయాలి. బేరియం మింగించి తీసే ఎక్స్‌రేలో గొట్టం వెడల్పు, బిగుతు, మొదటి ఆపరేషన్‌లో వదిలేసిన ఫండస్ (పొట్ట పై భాగం) కనబడతాయి. ఎండోస్కోపీ మామూలుగా ఉన్నా బాధ ఉంటే ఆమ్లం పైకి రావడాన్ని కొలిచే 24 గంటల పీహెచ్ స్టడీ చేయించండి. వీటి కోసం మాత్రమే ఆసుపత్రిలో చేరకండి. పరీక్షల కోసమే జరిగిన అడ్మిషన్‌కు ఎక్స్‌క్లూజన్ 04 అడ్డొస్తుంది. బయటే చేయించుకుని బిల్లులు దాచుకుంటే, ప్రధాన క్లెయిమ్ ఆమోదం పొందాక ప్రీ-హాస్పిటలైజేషన్ కింద పాలసీని బట్టి 30 లేదా 60 రోజుల ఖర్చు వస్తుంది. అంటే పరీక్షలు మరీ ముందుగా చేయించుకుంటే ఆ డబ్బు రాదు.

బరువు, రిఫ్లక్స్ రెండూ ఉన్నవాళ్ళు ఎక్కువ. అలాంటప్పుడు రెండూ రాయాలి. ఏది ముందు అన్నది సర్జన్ నిజాయితీగా తేల్చాల్సిన విషయం. ఆపరేషన్ బరువుకు మాత్రమే చేస్తున్నారా, రిఫ్లక్స్ లేకపోతే చేసేవారా కాదా? ఈ ప్రశ్నకు జవాబు ఒక్క పేరాలో, లెటర్‌హెడ్ మీద ఉంటే క్వెరీలు సగం తగ్గుతాయి.

డాక్టరు రాసే ఒక్క లైను

క్యాష్‌లెస్ కోసం టీపీఏకు వెళ్ళే ఫారంలో డాక్టరు నింపే భాగం ఉంటుంది. జబ్బు ఎన్నాళ్ళుగా ఉంది, మొదటిసారి ఎప్పుడు చూశారు, పాత చరిత్ర ఏమిటి అని గడులు. ఓపీ రద్దీలో జూనియర్ డాక్టరు గబగబా నింపుతారు. "చిన్నప్పటి నుంచి ఒబేసిటీ" అని పడితే అది పాలసీకి ముందే ఉన్న జబ్బు అవుతుంది. "బరువు తగ్గాలని రోగి కోరిక మేరకు" అని పడితే వైద్యపరంగా అవసరం లేదనే అర్థం వస్తుంది. "డైట్ పాటించకపోవడం వల్ల బరువు పెరిగింది" అనే లైను అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తుంది. బరువు తిరిగి పెరగడానికి హార్మోన్లు, గొట్టం సాగడం, వాడే మందులు, థైరాయిడ్ లాంటి కారణాలెన్నో ఉంటాయి. ఎండోస్కోపీ చూడకుండా తప్పంతా రోగి మీద వేసే ఈ మాటను రాయనివ్వకండి.

రాయాల్సింది ఇలా ఉంటే బాగుంటుంది: మొదటి ఆపరేషన్ పేరు, తేదీ. అప్పటి బరువు, ఆ తర్వాత చేరిన అతి తక్కువ బరువు, ఇవాళ్టి బరువు, ఎత్తు, బీఎంఐ. దొరికిన శరీర నిర్మాణ లోపం, దాన్ని చూపించిన రిపోర్టు తేదీ. వాడిన మందులు, ఎన్ని నెలలు. ఏ ఆపరేషన్, ఎందుకు అదే. ఫారం పంపే ముందు ఫోనులో ఫోటో తీసుకుని తీరిగ్గా చదువుకోండి. తప్పుంటే డెస్క్ మీద కూర్చున్న బాబునో అమ్మాయినో బతిమాలి అయినా మార్పించండి. పంపాక దిద్దిన కాగితాన్ని టీపీఏ అనుమానంగా చూస్తుంది.

మొదటి ఆపరేషన్ నోట్స్ లేకుండా ఈ ఫైలు నిలవదు. ఏ సైజు బూజీ (పొట్ట వెడల్పుకు కొలతగా పెట్టే గొట్టం) మీద స్లీవ్ చేశారు, ఎన్ని స్టేప్లర్ కార్ట్రిడ్జ్‌లు వాడారు, హెర్నియా చూశారా అన్నది అందులోనే ఉంటుంది. వైద్యుల నైతిక నియమావళి ప్రకారం ఆసుపత్రి ఇన్‌పేషెంట్ రికార్డులను 3 ఏళ్ళు ఉంచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. మూడేళ్ళు దాటితే రికార్డు లేదనొచ్చు. స్లీవ్ చేయించుకుని ఇప్పుడు బాగానే ఉన్నవాళ్ళు కూడా ఈ వారమే వెళ్ళి ఆ నోట్స్ తెచ్చుకుని పెట్టుకోండి.

వెయిటింగ్ పీరియడ్, దాచిన నిజం

2024 ఏప్రిల్ నుంచి ముందున్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ గరిష్ఠంగా 36 నెలలు. అంతకుముందు 48 ఉండేది. మొదటి ఆపరేషన్ తర్వాత కొత్త పాలసీ తీసుకున్నవాళ్ళకు ఊబకాయం, మధుమేహం, మొదటి ఆపరేషన్ మూడూ ముందున్నవే. పాలసీ మార్చుకోవాలనుకుంటే రెన్యువల్‌కు కనీసం 45 రోజుల ముందు పోర్టింగ్‌కు దరఖాస్తు పెట్టండి. గడిపిన నెలలు లెక్కలోకి వస్తాయి, అయితే పాత సమ్ ఇన్స్యూర్డ్ (బీమా మొత్తం) వరకే. 5 లక్షల పాలసీ నుంచి 15 లక్షలకు మారితే అదనపు 10 లక్షలకు కొత్తగా వెయిటింగ్ మొదలవుతుంది.

ప్రపోజల్ ఫారంలో మొదటి ఆపరేషన్ చెప్పకపోవడం ఈ క్లెయిమ్‌లను చంపే అతి పెద్ద తప్పు. ఏజెంటు "అది రాస్తే ప్రీమియం పెరుగుతుంది సార్, వద్దులెండి" అంటాడు. రివిజన్‌లో దాచడానికి వీలే లేదు, ల్యాప్రోస్కోప్ పెట్టగానే పాత స్టేపుల్ లైను కనబడుతుంది, ఆపరేషన్ నోట్‌లో రాయక తప్పదు. వరసగా 60 నెలలు పాలసీ నడిచాక మాత్రం, మోసం నిరూపిస్తే తప్ప, చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ కాదనడానికి లేదు. 2024కు ముందు ఇది 96 నెలలు. ఇప్పటికే దాచి ఉంటే రేపే కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. ప్రీమియం పెరగొచ్చు, వెయిటింగ్ పెట్టొచ్చు. ఆపరేషన్ టేబుల్ మీద బయటపడటం కంటే అది మేలు.

హైదరాబాద్ ఐటీ ఉద్యోగులకు, వాళ్ళ గ్రూపు పాలసీలో ఉన్న తల్లిదండ్రులకు ఇక్కడ పెద్ద వెసులుబాటు ఉంది. గ్రూపు పాలసీల్లో చాలావాటికి ముందున్న జబ్బుల వెయిటింగ్ ఉండదు. బేరియాట్రిక్‌కు పరిమితి ఎంత, తల్లిదండ్రులకు కో-పే (బిల్లులో మనం కట్టాల్సిన వాటా) ఎంత అన్నది హెచ్‌ఆర్ ఇచ్చే బెనిఫిట్ మాన్యువల్‌లో ఉంటుంది. ఉద్యోగం మారే ఆలోచన ఉంటే ఆపరేషన్ తర్వాతే మారండి. మానేశాక అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీలోకి మైగ్రేషన్ అడిగే హక్కు ఉంది, గడువు దాటనివ్వకండి.

బిల్లు దగ్గర కోతలు

రివిజన్ బిల్లు మొదటి ఆపరేషన్ కంటే బరువుగా ఉంటుంది. పాత అతుకుల వల్ల పొట్ట గోడ మందంగా మారుతుంది, అందుకని మందపాటి కణజాలానికి వాడే ఆకుపచ్చ, నల్ల కార్ట్రిడ్జ్‌లు కావాలి. సమయమూ ఎక్కువ. కోత మాత్రం ఎక్కువగా గది అద్దె నుంచి మొదలవుతుంది. రోజుకు 5,000 పరిమితి ఉన్న పాలసీతో 8,000 గదిలో ఉంటే సర్జన్, ఓటీ, ఎనస్థీషియా ఫీజులకు కూడా ఎనిమిదింట ఐదు వంతులే వస్తాయి. ఆ ఫీజులు 2 లక్షలైతే 75,000 మీ జేబు నుంచే. మందులు, కన్స్యూమబుల్స్, ఇంప్లాంట్లు, పరీక్షల ఖర్చుకు ఈ దామాషా కోత వేయకూడదని ఐఆర్‌డీఏఐ నియమం. స్టేప్లర్ కార్ట్రిడ్జ్‌లు కన్స్యూమబుల్సే. సెటిల్‌మెంట్ షీట్‌లో వాటి మీద కూడా కోత వేసి ఉంటే మళ్ళీ లెక్క కట్టమని మెయిల్ పెట్టండి. అసలు పరిమితిలోపు గది తీసుకుంటే ఈ తగువే ఉండదు.

రోబోతో చేస్తామంటే ముందు పాలసీలో "మోడరన్ ట్రీట్‌మెంట్" పరిమితి చూడండి. రోబోటిక్ సర్జరీని కంపెనీ పూర్తిగా కాదనలేదు, పరిమితి మాత్రం పెట్టొచ్చు. రివిజన్‌లో రోబో వల్ల మీకు అదనంగా ఏం ఒరుగుతుందో సర్జన్‌ను అడిగాకే ఆ ఖర్చుకు ఒప్పుకోండి. ప్రొటీన్ పొడి, విటమిన్లు ఎక్స్‌క్లూజన్ 14 కిందికి పోతాయి. డిశ్చార్జ్ సమ్మరీలో డాక్టరు మోతాదుతో రాస్తే, అడ్మిషన్‌కు సంబంధించిన క్లెయిమ్‌లో భాగంగా అడగొచ్చు. బరువు తగ్గాక వేలాడే చర్మం తీయించుకోవడం అందం కోసం చేసే ఆపరేషన్ల ఎక్స్‌క్లూజన్ 08 కిందికి వస్తుంది. దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి.

తిరస్కరిస్తే

2024 మే 29 నాటి మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అభ్యర్థనకు గంటలో జవాబివ్వాలి, డిశ్చార్జ్ ఆమోదం 3 గంటల్లో. రివిజన్ కేసుల్లో ఆ గంటలో వచ్చేది చాలాసార్లు ఆమోదం కాదు, క్వెరీ. అందుకే ముందే నిర్ణయించుకున్న ఆపరేషన్‌కు వారం ముందే ఫైలు పంపించండి. క్యాష్‌లెస్ కాదన్నారంటే క్లెయిమ్ పోయినట్టు కాదు. "ఇప్పుడు తేల్చలేం, రీఎంబర్స్‌మెంట్‌లో పెట్టండి" అని ఉత్తరంలో ఉంటే ఆ దారి తెరిచే ఉంది. రిఫ్లక్స్, అల్సర్ కేసుల్లో ఆపరేషన్ నోట్, తీసిన ముక్క బయాప్సీ రిపోర్టు చేతికొచ్చాక వాదన ఇంకా బలపడుతుంది.

అదే సర్క్యులర్ ఇంకో మంచి పని చేసింది. కంపెనీలోని క్లెయిమ్స్ రివ్యూ కమిటీ ఒప్పుకోకుండా ఏ క్లెయిమ్‌నూ తిరస్కరించకూడదు, తిరస్కరిస్తే పాలసీలోని ఏ షరతు ప్రకారమో చెప్పాలి. టీపీఏ పంపిన రెండు లైన్ల మెయిల్‌తో సరిపెట్టుకోకండి. కమిటీ ఆమోదం ఉందా, ఏ క్లాజు అని కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయండి. ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్‌లో, లేదా 155255 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయొచ్చు.

నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ ఆఫీసు హైదరాబాద్‌లోనే, లక్డీకాపూల్ దగ్గర ఏ.సి. గార్డ్స్‌లో. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఆన్‌లైన్‌లోనూ పెట్టొచ్చు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్ళాలి, 50 లక్షల వరకు తీర్పు ఇవ్వగలరు. అదే విషయం మీద వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసి ఉంటే మాత్రం తీసుకోరు. కాబట్టి ముందు ఇక్కడికే రండి.

అక్కడ మాట్లాడాల్సింది బరువు వల్ల పడ్డ బాధ గురించి ఎక్కువసేపు కాదు. క్లాజు కాగితం ఒక చేత్తో, రిపోర్టులు ఇంకో చేత్తో పట్టుకుని షరతు వెంట షరతు చూపించండి: ఎత్తు, బరువు కొలిచిన చీటీ ఇదిగో, ఏహెచ్‌ఐ ఇదిగో, ఎండోస్కోపీ ఇదిగో, సర్జన్ ఉత్తరం ఇదిగో. కావాల్సిన కాగితాలన్నీ అందిన మూడు నెలల్లో తీర్పు రావాలి. అది కంపెనీకి శిరోధార్యం, మీకు కాదు; నచ్చకపోతే మీరు ఇంకా పైకి వెళ్ళొచ్చు. తీర్పు అందిన 30 రోజుల్లో కంపెనీ అమలు చేయకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకూ 5,000 రూపాయలు మీకు కట్టాలి. తీర్పు కాపీ మీద కంపెనీకి చేరిన తేదీ రాయించుకుని ఉంచుకోండి. ఆ 30 రోజుల లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది.